కొట్టం నీరు కాలువకు కాదు, మేతమడికి

(ప్రాథమిక సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో సమాఖ్య విస్తరణ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల వారు నలుగురు కూడితే వెన్న శాతం, పాల ధర, దాణా, చూడి, ఈ నాలుగింటి చుట్టూనే మాటలు తిరగడం సహజం. ఈ పూట మేము వాటి జోలికి పోవడం లేదు. కొట్టం కడిగిన తరువాత పల్లానికి పారిపోయే నీళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. ఇది అంత పెద్ద విషయమా అని మీలో కొందరికి తోచవచ్చు. మేము ఏ ఊరు వెళ్ళినా పాల కొలత తగవు తరువాత వినిపించేది ఈ నీళ్ళ తగవే. ఎగువ ఇంటి కొట్టం నీరు దిగువ ఇంటి గుమ్మం ముందు మడుగు కడుతుంది. వాసన, దోమలు, ఆ పైన మాటామాటా పెరగడం. తీరా చూస్తే ఆ రెండిళ్ళవారూ ఒకే సంఘంలో సభ్యులు.

తగవు కంటికి కనిపించే నష్టం. కంటికి కనిపించని నష్టాలు రెండున్నాయి. ఒకటి, ఆ నీటితోపాటు మన ఎరువు పోతున్నది. రెండు, ఆ నీరు ఇంకి ఇంకి మన బావిలోకే చేరుతున్నది. ఈ రెంటినీ ఆపడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. కావలసినవి ఒక పార, రెండు గుంటలు, కొంత కంకర, కొంచెం పచ్చగడ్డి నేల. వీటిని ఏ వరుసలో వాడాలో తెలిస్తే చాలు.

పేడను దాచుకుని మూత్రాన్ని పారబోస్తున్నాము

పేడ విలువ మన ఆడవాళ్ళకు చెప్పనవసరం లేదు. తట్టతో ఎత్తి పెంటకుప్పకు చేరుస్తారు, పిడకలు చేస్తారు. మూత్రం విషయంలో ఆ శ్రద్ధ లేదు. నిజానికి పశువు విసర్జించే నత్రజనిలో సగం, తరచుగా సగానికి మించి, మూత్రంలోనే ఉంటుంది. పొటాష్‌లోనూ ఎక్కువ భాగం మూత్రంలోదే. భాస్వరం మాత్రం దాదాపు అంతా పేడలో ఉంటుంది. అంటే పేడ ఒక్కటే ఎత్తి మూత్రాన్ని వదిలేసేవాడు గింజను వదిలి పొట్టును గాదెలో పోసుకున్నట్టే.

ఒక లెక్క వేసి చూద్దాము. పది గేదెలున్న కొట్టం అనుకోండి. ఒక్కొక్క గేదె రోజుకు పది లీటర్ల మూత్రం పోస్తుందని తక్కువగానే వేసుకుందాము. అందులో నూటికి 0.8 వంతు నత్రజని అనుకుంటే పశువుకు రోజుకు 80 గ్రాములు. అందులో సగం అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోయిందనుకున్నా 40 గ్రాములు మిగులుతుంది. పది గేదెలకు రోజుకు 400 గ్రాములు, ఏడాదికి 146 కిలోలు. యూరియాలో నత్రజని నూటికి 46 వంతులు. కనుక ఇది 317 కిలోల యూరియాకు సమానం. 45 కిలోల బస్తాలుగా చెప్పాలంటే ఏడు బస్తాలు. ఇది ఉజ్జాయింపు లెక్కే. మేతను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. రెండు గేదెలున్న ఇంటివారు ఇందులో ఐదోవంతు వేసుకోవచ్చు. ఎరువుల దుకాణం ముందు వరుసలో నిలబడే రైతు ఇంటి వెనుకనే ఆ బస్తాలు కాలువ పాలవుతున్నాయి.

బావి మాట

కొట్టం నీటిలోని నత్రజని నేలలోకి దిగి నైట్రేటుగా మారుతుంది. నైట్రేటు నీటిలో కరిగి, మట్టికి అంటుకోకుండా కిందికి జారిపోతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. దాటిన నీటితో పాలపొడి కలిపి పట్టిన పసిబిడ్డకు రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలంగా మారవచ్చు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నీళ్ళు కాచినందువల్ల క్రిములు చస్తాయే గాని నైట్రేటు పోదు. ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది.

అదే బావి నీటితో మనం పొదుగు కడుగుతాము, పాల బిందె కడుగుతాము, క్యాను కడుగుతాము. నేల పొరల గుండానో, వాన వరదలోనో పేడ క్రిములు బావికి చేరితే అవి తిరిగి పాలలోకి వస్తాయి. సంఘం దగ్గర పాలు పుల్లగా తేలినప్పుడు ఎండను, వ్యానును తిట్టుకోవడం అలవాటు. కొట్టానికి, బావికి మధ్య ఎన్ని గజాలున్నదో కూడా ఒకసారి చూడవలసి ఉంటుంది.

కాబట్టి మేము చెప్పబోయే గుంటలు గాని, మడులు గాని తాగునీటి బావికి కనీసం 15 మీటర్ల దూరంలో, బావికి ఎగువన కాకుండా, దిగువన ఉండాలి. రాతి పగుళ్ళున్న నేలలోను, ఇసుక నేలలోను దూరం ఇంకా పెంచాలి.

మొదటి మెట్టు: కడగకముందే ఎత్తండి

నీటిని శుభ్రం చేయడంలో అన్నిటికన్నా చౌకైన పని, నీటిలో మురికి కలవకుండా చూడడం. పేడను పారతో పూర్తిగా ఎత్తి, నేలను పొడి చీపురుతో ఊడ్చి, ఆ తరువాతనే నీళ్ళు పోయాలి. పేడ మీదనే నీళ్ళు కొట్టి కాలువలోకి తోసే అలవాటు ఉన్నంతకాలం ఎంత పెద్ద గుంట కట్టినా నెల తిరగకుండా పూడిపోతుంది. ఈ మెట్టుకు పైసా ఖర్చు లేదు. పొద్దున్న ఒక పది నిమిషాలు చాలు.

మీరు ఎన్ని నీళ్ళు వాడుతున్నారో వారం రోజులపాటు బకెట్లు లెక్కపెట్టండి. గొట్టం పెట్టి కొట్టేవారు ఒక డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో చూస్తే లెక్క తేలుతుంది. ఆ లెక్క లేకుండా గుంట కొలత చెప్పడం ఒళ్ళు కొలవకుండా చొక్కా కుట్టడం వంటిది.

కొట్టం నేలకు మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు ఉంటే మూత్రం నిలవక కాలువలోకి దిగుతుంది. కప్పు మీద పడే వాననీరు ఈ కాలువలో కలవకూడదు. చూరు కింద వేరే బోదె తీసి బయటికి పంపండి. ఒక్క పెద్ద వాన మీ గుంటలన్నీ నింపి, మడ్డినంతా మళ్ళీ వీధిలోకి తెస్తుంది.

కింద సిమెంటు లేని కొట్టాల్లో వరిగడ్డి తుక్కు, రంపపు పొట్టు, ఎండుటాకు పరిచి మూత్రాన్ని దానిలోనే పీల్పించి పెంటకుప్పకు చేర్చడం మన పెద్దల పద్ధతి. అది ఇప్పటికీ మంచిదే. ఒకటి రెండు పశువులున్నవారికి అదే చాలు. వారు గుంటలు కట్టనక్కరలేదు. పెంటకుప్ప మీద కొంచెం సూపర్ ఫాస్ఫేటు చల్లితే అమ్మోనియా గాలికి పోవడం తగ్గి, ఎరువులో భాస్వరమూ పెరుగుతుంది.

రెండవ మెట్టు: తేర్చే గుంటలు రెండు

పది పశువుల కొట్టంలో పొదుపుగా వాడితే కడుగు నీరు, మూత్రం కలిసి రోజుకు 600 లీటర్లు వస్తాయనుకుందాము. ఈ నీరు నేరుగా పొలానికి పోతే పీచు, గడ్డిపరక, ఇసుక బోదెను అడ్డగిస్తాయి. ముందు కాలువ చివర ఒక ఇనుప జల్లెడ బిగించండి. జల్లెడలో పట్టినది ప్రతిరోజూ తీసి కుప్ప మీద వేయాలి.

ఆ తరువాత పక్కపక్కనే రెండు గుంటలు. ఒక్కొక్కటి మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు, నీటి లోతు మీటరు. ఒక్కొక్క దానిలో 1,500 లీటర్లు పడుతుంది. అంటే నీరు అందులో రెండున్నర రోజులు నిలుస్తుంది. బరువైనది అడుక్కి మడ్డిగా దిగుతుంది, తేలికది పైన తెట్టుగా తేలుతుంది. నడుమ ఉన్నదే తేట నీరు. కనుక నీరు బయటికి పోయే గొట్టాన్ని పైఅంచున పెట్టవద్దు. వంపు గొట్టం బిగించి దాని నోరు నీటి మట్టానికి ఒక జానెడు కిందికి ఉంచండి. తెట్టు లోపలే ఆగుతుంది.

రెండు గుంటలు ఎందుకంటే, ఒకటి వాడుతుంటే రెండవది ఆరాలి. నెలకొకసారి నీటిని ఒకదాని నుంచి మరొకదానికి మార్చండి. ఆరిన మడ్డిని తీసి ఆకు, చెత్త పొరలుగా వేసి కుళ్ళబెడితే మంచి ఎరువు. గుంటలను ఇటుకతో కట్టి లోపల సిమెంటు పూయవచ్చు. బావులకు వేసే సిమెంటు వరలు దించి అడుగు గట్టిచేసినా పనికివస్తుంది. ఏది కట్టినా నీరు ఇంకని గుంటగా ఉండాలి. ఇంకుడు గుంట వాననీటికి మంచిదే గాని, కొట్టం నీటికి అది బావికి దగ్గరి దారి అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు పోలేము. గుంటపై తప్పనిసరిగా బండలు మూసి ఉంచండి. పిల్లలు పడకుండా, దోమలు గుడ్లు పెట్టకుండా రెండింటికీ అది రక్ష. లోతైన మడ్డి గుంటలో విషవాయువు చేరుతుంది. మడ్డిని కదిలించినప్పుడు అది ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఎంత పని తొందరైనా మనిషి లోపలికి దిగరాదు. పొడవాటి కర్ర పారతో, బకెట్టుతో పైనుంచే తీయాలి. లోపల ఒకరు పడిపోతే కాపాడబోయి దిగిన రెండవవాడు, మూడవవాడు కూడా ప్రాణాలు పోగొట్టుకోవడం ఇటువంటి ప్రమాదాలలో మళ్ళీ మళ్ళీ జరిగేదే.

మూడవ మెట్టు: కంకర మడి

సొంత పొలం ఇంటికి దగ్గరగా ఉన్నవారు తేర్చిన నీటిని నేరుగా మేతమడికి పంపవచ్చు. ఇళ్ళ నడుమ కొట్టమున్నవారికి, నాలుగైదు కొట్టాల నీరు ఒకే సందులోకి వచ్చే చోట, కంకర మడి ఎంతో మేలు. పది పశువులకు ఆరు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు మడి తవ్వి, అడుగున, పక్కల దళసరి పాలిథీన్ పట్టా పరచాలి. పట్టా దొరకనిచోట నల్లరేగడి మట్టిని తొక్కి మెత్తినా ఆగుతుంది. దానిలో 20 నుంచి 40 మిల్లీమీటర్ల కంకర నింపాలి. కంకర సందుల్లో సుమారు 2,400 లీటర్ల నీరు పడుతుంది గనుక 600 లీటర్ల రాబడికి నాలుగు రోజుల నిలువ.

కంకరలో జమ్ము గాని, మెట్టతామర గాని, పారాగడ్డి గాని నాటండి. శుభ్రం చేసే పనిలో ముఖ్యమైన వంతు కంకరకు, వేళ్ళకు పట్టుకుని ఉండే సూక్ష్మజీవులది. మురికిని అవి తింటాయి. మొక్క తన వంతుగా నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకుంటుంది. నీటిమట్టం కంకర పైమట్టానికి రెండంగుళాలు కిందనే ఉండాలి. అప్పుడు వాసన ఉండదు, దోమకు గుడ్లు పెట్టే చోటు దొరకదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వారు ఇటువంటి మడులను గ్రామాలలో ఇళ్ళ మురుగునీటికి కట్టి చూపారు. కొట్టం నీరు ఇళ్ళ నీటికన్నా ఎన్నో రెట్లు చిక్కన. అందుకే తేర్చే గుంట లేకుండా కంకర మడి కట్టవద్దు. కట్టిన ఏడాదికే సందులు పూడి, నీరు పైకి పొంగి, కంకరంతా ఎత్తి కడగవలసి వస్తుంది.

మడి దాటిన నీరు లేత టీ రంగులో ఉంటుంది. అది తాగే నీరు కాదు, చెరువులో కలిపే నీరూ కాదు. నేలమీద సాగుకు వదిలే మురుగునీటిలో బి.ఓ.డి. లీటరుకు 100 మిల్లీగ్రాములు, తేలియాడే ఘనపదార్థం 200 మిల్లీగ్రాములు మించరాదని పర్యావరణ పరిరక్షణ నియమాలు చెబుతున్నాయి. బి.ఓ.డి. అంటే నీటిలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ప్రాణవాయువు కొలత. అది ఎంత ఎక్కువైతే నీరు అంత మురికి. డెయిరీ ఫారాలకు, గోశాలలకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చి, 2021లో సవరించింది. పశువుల సంఖ్య పెంచుకుంటున్న సభ్యులు నీటిని ఒకసారి పరీక్ష చేయించుకుని కాగితం దగ్గర పెట్టుకోవడం అన్నివిధాలా మంచిది.

గోబర్ గ్యాసు ఉన్నవారికి

గోబర్ గ్యాసు ప్లాంటు ఉన్న ఇంటికి ఇంకా సులువైన దారి ఉంది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. ఆ నీరు బావి నుంచి తోడనవసరం లేదు. కొట్టం కడిగిన నీరే పోయండి. అయితే నీళ్ళు కలవని మూత్రం ఒక్కటే పోయవద్దు. అమ్మోనియా ఎక్కువై గ్యాసు తగ్గుతుంది. ఫినాయిలు, బ్లీచింగు కలిసిన నీటిని అసలే పోయవద్దు. అవి కొట్టంలో క్రిములను చంపినట్టే ప్లాంటులో గ్యాసు పుట్టించే జీవులనూ చంపుతాయి.

బయటికి వచ్చే స్లర్రీ మంచి ఎరువు. గుజరాత్‌లోని ఆనంద్ జిల్లా జకరియాపురా గ్రామంలో జాతీయ పాడి అభివృద్ధి మండలి తోడ్పాటుతో పాడి మహిళలు ఇంటింటా ప్లాంట్లు పెట్టుకుని, మిగులు స్లర్రీని కలిసికట్టుగా అమ్ముకున్నారు. పాలు కూడబెట్టి అమ్మడం నేర్చిన మనకు స్లర్రీ కూడబెట్టడం కష్టమేమీ కాదు.

నాలుగవ మెట్టు: మేతమడి

ఈ నీటికి తగిన పంట పచ్చిమేత. అందులోనూ హైబ్రిడ్ నేపియర్, పారాగడ్డి వంటి ఆకలిగొన్న గడ్డిజాతులు. పది పశువుల నీటికి సుమారు ఎకరం నేపియర్ ఉంటే నత్రజని మిగలకుండా వాడుకుంటుంది. అరెకరమే ఉన్నవారు మిగతా నీటిని కొబ్బరికి, అరటికి పంచవచ్చు. ఉన్న నాలుగు సెంట్లలోనే రోజూ అన్ని నీళ్ళూ వదిలితే అది సాగు కాదు, కాలువను అక్కడికి మార్చినట్టు.

వాడే తీరు ఇది. గడ్డి కోసిన తరువాత మొదటి ఇరవై రోజులు ఈ నీటిని, అంతే మంచినీటితో కలిపి, మడులు మార్చి మార్చి ఇవ్వండి. ఆ తరువాత కోత వరకు మంచినీరే కట్టండి. నేపియర్ నలభై ఐదు రోజులకు కోతకు వస్తుంది గనుక నీటితో వచ్చిన క్రిములు ఎండకు నశించడానికి మూడు వారాలకు పైగా గడువు దొరుకుతుంది. ఈ నీటిని ఇచ్చిన మడికి యూరియా తగ్గించాలి. రెండూ దండిగా వేస్తే ఆకు నల్లపచ్చగా చూడముచ్చటగా ఉంటుంది గాని, ఎండకు వాడిన వేళ అటువంటి గడ్డిలో, జొన్నలో నైట్రేటు చేరి పశువు ప్రాణానికే ముప్పు తెస్తుంది. వానపడే రోజుల్లో, నేల తడిసి ఉన్నప్పుడు నీరు వదలవద్దు.

పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, టమాటా, దోస వంటివాటికి ఈ నీరు ఎన్నడూ వాడరాదు.

కలపకూడనివి

ఈసుకుపోయిన దూడను, మాయను కాలువలో వేయవద్దు. బ్రూసెల్లా రోగం పశువు నుంచి పశువుకు, పశువు నుంచి మనిషికి అలా పాకుతుంది. చేతులకు తొడుగులు వేసుకుని, లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. గాలికుంటు వచ్చిన రోజులలో ఆ కొట్టం నీటిని ఇతరుల పశువులు తిరిగేచోటికి పోనివ్వకూడదు.

పొదుగువాపు పాలు, ఒలికిన పాలు కూడా కాలువలో పోయవద్దు. పాలకు బి.ఓ.డి. లీటరుకు సుమారు లక్ష మిల్లీగ్రాములు. ఒక లీటరు పాలు కాలువలో పోస్తే ఇద్దరు మనుషుల ఒకరోజు మురుగంత భారం. సంఘం భవనంలో క్యాన్లు, కూలరు కడిగిన సోడా నీటిని మేతమడికి పంపకండి. అందులోని సోడియం నల్లరేగడిని బిగదీసి, నీరు దిగకుండా చేస్తుంది. దానికి వేరే కాలువ, వేరే గుంట ఉండాలి.

మరొక సంగతి. హైదరాబాదు దిగువన మూసీ నీటితో ఏళ్ళ తరబడి పారాగడ్డి పెంచి నగర డెయిరీలకు అమ్ముతున్నారు గదా, మురుగునీరు ఏదైనా ఒకటే గదా అని కొందరు అడుగుతారు. ఒకటి కాదు. నగరపు మురుగులో కర్మాగారాల నీరు, వాటితో భారలోహాలు కలిసే ప్రమాదముంది. కంకర గాని, గుంట గాని వాటిని మాయం చేయలేవు. మన కొట్టం నీటిలో ఏమి కలుస్తుందో మన చేతిలోనే ఉంది. ఆ ఒక్క మేలును పోగొట్టుకోకుండా చూసుకోవాలి.

సంఘం చేయవలసినవి

ఇంటికొకరుగా చేయగలిగేది కొంత, సంఘంగా చేయవలసింది కొంత. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ నాలుగు అంశాలు పెట్టండి. మొదటిది, ఊరిలో పదికి మించి పశువులున్న కొట్టాలు, వాటి నీరు పోయే దారి, దగ్గరలోని బావులు రాసిపెట్టడం. రెండవది, ఆ బావుల నీటిని ఎండాకాలంలో ఒకసారి, వానల తరువాత ఒకసారి నైట్రేటుకు, క్రిములకు పరీక్ష చేయించడం. మూడవది, ఒప్పుకున్న ఒక సభ్యుని కొట్టంలో జల్లెడ, జంట గుంటలు కట్టి మిగతావారికి చూపడం. నాలుగవది, ఎగువ దిగువ ఇళ్ళ తగవున్న సందులో ఇరువురినీ కూర్చోబెట్టి ఉమ్మడి కంకర మడికి చోటు చూడడం. దిగువ ఇంటివారికి నేపియర్ మడి ఉంటే ఆ నీటిని వారే అడిగి తీసుకుంటారు.

అన్నీ ఒక్కసారిగా చేయలేనివారు మొదటి మెట్టు రేపు పొద్దున్నే మొదలుపెట్టండి. నీళ్ళు పోయకముందు పారతో ఎత్తండి, చీపురుతో ఊడ్చండి, బకెట్లు లెక్కపెట్టండి. వారం తరువాత మీ కాలువ ఎలా ఉన్నదో మీకే తెలుస్తుంది. గుంటల కొలతలు మీ కొట్టానికి తగినట్టు వేయించుకోవడానికి మీ సంఘం కార్యదర్శి ద్వారా మా విభాగానికి రాయండి. బకెట్ల లెక్క మాత్రం తప్పక జతపరచండి.